అయిదో పై పన్ను

"మీ మేనకోడలికి పైన ముందు పళ్ళెన్నండీ?"

పిల్లల డాక్టరమ్మ అడిగిన తీరుకి ఎదురుగా కూర్చున్న కుర్రాడు కుర్చీలో ఇటూ అటూ సర్దుకున్నాడు.

"అందరిలాగే... నాలుగు."

"మరి ఇది అయిదోది!" కవర్లోంచి పాలపన్ను తీసి బల్లమీద పెట్టిందామె. "వారానికొకటి తెచ్చారు. అన్నిటిమీదా ఒకటే పేరు."

ఊరి బయట అణుబాంబుల సరుకు తయారయ్యే ఫ్యాక్టరీ ఉంది. దాని విషం పిల్లల ఎముకల్లో చేరుతోందేమోనని ఆమె, మరికొందరు డాక్టర్లు ఊడిన పాలపళ్ళు పోగుచేసి ల్యాబుకు పంపుతున్నారు. బాంబులు వద్దని ఆ లెక్కలతోనే ప్రభుత్వాన్ని అడగబోతున్నారు. ఒక్క దొంగ పన్ను దొరికినా మొత్తం అబద్ధమంటారు.

ఈ మనిషి ఉద్యోగం ఆ ఫ్యాక్టరీలోనే. ఈ డాక్టర్లు పెట్టే ప్రతి మీటింగుకీ వస్తాడు, వినతిపత్రం మీద సంతకం మాత్రం చెయ్యడు. పైగా నవ్వితే బాగుంటాడు. ఆమెకి అన్నిటికన్నా అనుమానం అక్కడే.

"సర్వే చెడగొట్టమని ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ కాదండీ! ఇవి మా క్వార్టర్స్ పిల్లల పళ్ళు. పేర్లిస్తే మొగుళ్ళ ఉద్యోగాలు పోతాయని తల్లుల భయం. అందుకే మా మేనకోడలి పేరు రాశాను."

"పేరెవరిక్కావాలి? పుట్టిన ఏడాది, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఎక్కడుందో కావాలి."

అతను జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. పేర్లు లేవు గానీ, కవరు నంబరుతో సహా పంటికో పేజీ. ఆమె రెండుసార్లు చదివింది.

"ఈ తేదీల ప్రకారం తల్లులు అయిదూ ఒక్కరోజే ఇచ్చారుగా! అయిదు వారాలెందుకు తిరిగారు?"

"ఒకేసారి ఇచ్చేస్తే మళ్ళీ రావడానికి వంకేదండీ?"

ఆమెకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కోపాన్నే బయటపెట్టింది.

"మీ సరదాకి నా సర్వే ముంచేవారు! సంతకం పెట్టమంటే చేతులు రావు గానీ..."

అతను బల్లమీది వినతిపత్రం లాక్కుని సంతకం చేశాడు.

"ఉద్యోగం?" ఈసారి ఆమె గొంతు తగ్గింది.

"ఆ పేజీలు రాసినప్పట్నుంచీ అక్కడ కూర్చోబుద్ధి కావట్లేదండీ."

"అసలు మేనకోడలుందా?"

"ఉందండీ. అయిదు నెలలు. ఇంకా పళ్ళే రాలేదు. దాని పళ్ళు ఊడేనాటికి మీకీ సర్వే అవసరం ఉండకూడదు."

ఆమె పన్నుని మళ్ళీ కవర్లో పెట్టింది.

"మీ మాట నేన్నమ్మను. రేపు మీ అక్కగారింటికి తీసుకెళ్ళండి. ఆ పిల్లని కళ్ళారా చూడాలి."

"మీరెవరని చెప్పమంటారు అక్కకి?"

ఆమె నోట్‌బుక్ అతని వైపు తోసింది.

"ఇందులో రాసి చూపించండి. తప్పుంటే దిద్దుతాను."

అతను రాశాడు. ఆమె చదివింది, దిద్దలేదు.