వెంట్రుకవాసి తప్పు

సరిహద్దు గేటు దగ్గర కాపలావాడు పాస్‌పోర్టు మీద భూతద్దం పెట్టాడు, తీశాడు, ఎదుటి మనిషిని అక్కడికక్కడే కాల్చేశాడు. ఒక్క ప్రశ్నయినా అడగలేదు మహానుభావుడు. వారం తిరక్కుండా మన ఏజెంట్లలో ఇది రెండో చావు.

“మూడో పాస్‌పోర్టు మీ చెల్లెలి చేతిలో ఉంది,” అన్నాడు చీఫ్. “మధ్యాహ్నం గేటు దాటాలి. రేడియో లేదు, వెనక్కి పిలవలేం.”

పిల్లి అని పేరుపడ్డ ఆ ఏజెంటు ఈ మాట వింటూనే ప్రింటింగ్ గదిలోకి పరిగెత్తాడు. శత్రువుల అసలు పాస్‌పోర్టు, మనవాళ్లు అచ్చేసిన నకలు పక్కపక్కన పెట్టి లెన్స్‌లో చూశాడు. నకలులో గీతలన్నీ తీర్చిదిద్దినట్టున్నాయి. అసలుదానిలోనే అడుగు గీత వెంట్రుకవాసి పైకి జరిగింది.

“అదేంటయ్యా, వాళ్లది తేడాగా ఉంది, మనది తిన్నగా ఉంది?”

“వాళ్ల ప్రింటర్ సాఫ్ట్‌వేర్ తప్పండీ అది,” అన్నాడు ఇంజనీరు గర్వంగా. “గీత ఎక్కడ పడాలో లెక్కేసి చుక్కల్లోకి మారుస్తుంది. అరచుక్క వెయ్యలేదు కదా! మిగిలిన ముక్కని ప్రతి గీతకీ పారేస్తుంది. అలా పారేసి పారేసి అడుగుకొచ్చేసరికి ఇంత తేడా. మనదాంట్లోనూ అలాగే పెట్టాను. నెమలి మేడమ్ చూసి ‘ఛీ, ఇంత అసహ్యంగానా’ అన్నారు. సరిచేసేశాను.”

నెమలి! శత్రువుల్ని వదిలి వచ్చేశానని చెప్పి, అందరినీ చుట్టూ తిప్పుకుంటున్న అందగత్తె. చెల్లెల్ని కారులో గేటుకి తీసుకెళ్లింది కూడా ఆవిడే.

“నీ చక్కదనం తగలెయ్య! ఆ తప్పు మళ్లీ పెట్టు. ఇప్పుడే!”

కొత్త పాస్‌పోర్టు వేడి చల్లారకముందే పిల్లి కూలీ వేషంలో గేటు దగ్గరున్నాడు. పెట్టె మోస్తూ వెళ్లి వరసలో నిలబడ్డ చెల్లెల్ని గుద్దేశాడు.

“కళ్లు నెత్తికెక్కాయా?”

“తప్పయిపోయింది, తల్లీ. ఇదిగో, మీది పడిపోయింది.”

అన్న గొంతు ఆమె పోల్చుకుంది. కనురెప్పయినా కదపకుండా చేతిలోది పెట్టె చాటున జారవిడిచి, కొత్తది అందుకుంది.

భూతద్దం దిగింది. ఎంతకీ లేవలేదు. ఆఖరికి ముద్ర పడింది.

గేటుకి ఇవతల కారులో నెమలి మొహం మాడిపోయింది. కాపలావాణ్ణి హెచ్చరించడానికి దాచి తెచ్చుకున్న రేడియో నోటిదాకా తెచ్చింది. చెవి కింద కూలీ పిస్తోలు చల్లగా తగిలింది.

“కింద పెట్టండి, మేడమ్.”

ఆ సాయంత్రం చచ్చిపోయినవాళ్లిద్దరి ఇళ్లకీ చీఫ్ తనే వెళ్లాడు. ఆ ఏడుపులు విని వచ్చి, కూర్చోకుండానే ఇంజనీరుని పిలిపించాడు.

“ఇకమీదట నీ పనిలో ఒక్క తప్పు తగ్గినా, ఉద్యోగం ఊడుతుంది.”