ప్రణాలిని మాట పూర్తి చేయనివ్వండి

రాత్రి షిఫ్టు దిగి వాసుదేవ్ ఇల్లు చేరేసరికి భార్య యమునాబాయి గడప దగ్గర కూర్చుని బీడీల కోసం తడిపిన తునికాకు కత్తిరిస్తోంది. మరాఠీ నగరంలోని ఆ తెలుగు నేతగాళ్ల బస్తీలో, కుంఠా నాకా సందులో మరమగ్గాలు అప్పుడే దడదడలాడుతున్నాయి. ఆయన చేతిలో జిలేబీ పొట్లం, ముఖం నిండా పెళ్లికళ.

"ఏందయ్యా, పొద్దుగాల్నే మిఠాయి?"

"సాయెబ్ ఫోన్ జేసిండే! మహాపాలిక సమితిల ఇగ నేనే మెంబర్‌ను. బిడ్డకెందుకు తక్లీఫ్, నువ్వే వచ్చి చెప్పమన్నడు."

కిటికీ పక్కన కుర్చీబండిలో ఉన్న కూతురు ప్రణాలి తల తిప్పి చూసింది.

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు నడక లేదు. మాట ఉంది గానీ, ఒక్కో ముక్కా గొంతులో పెనుగులాడి బయటికొస్తుంది. అయినా డిగ్రీ చదివింది. బస్తీలో తనలాంటి వాళ్ల ఇళ్లకు తిరిగి వాళ్ల గోడు విన్నది. వికలాంగులకు ఏం చేయాలో తేల్చే సమితిలో వాళ్లలోనే ఒకరిని కూర్చోబెడతామని నగరాన్ని పాలించే మహాపాలిక అనగానే, అందరూ ఆమె పేరే చెప్పారు. నిన్న మొదటి సమావేశం. బండి తోసుకుంటూ వెళ్లిన తండ్రి బయట ఆగకుండా పక్కనే నిలబడ్డాడు. అక్కడే కొంప మునిగింది.

పాపం, ఆయనది మగ్గాల మీద పనిచేసి వచ్చిన అలవాటు. మగ్గాల హోరులో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. పెదవులు చూసి, ఎదుటివాడు సగం అనేలోపే మిగతా సగం అందుకోవాలి. ఇంట్లో కూతురి మాటలూ అలాగే అందుకునేవాడు. ఎంత మంచి తండ్రి అని చుట్టాలు మురిసిపోయేవారు. నిన్న సమావేశంలో ఆమె "మా తల్లిదండ్రులు..." అని ఎత్తుకోగానే, "మేమున్నంత వరకు ఫికర్ లేదు సాయెబ్, పిల్లకో దుకాణం ఇప్పియ్యుండ్రి" అని ముగించేశాడు. అధికారులు హాయిగా తలలూపారు. వాళ్లకూ త్వరగా తేలిపోయింది మరి!

"నా... పేరు... తీసి..."

"తీసిన్రని బాధవడకు బిడ్డా, నేను లేనా! నీ మాట నాకన్న ఎవ్వలికెరుక?"

"కా... దు!" ప్రణాలి పిడికిలితో బండి మీద గుద్దింది.

"మరేంది? దుకాణం చిన్నగైతదనా? పెద్దదే అడుగుత..."

యమునాబాయి కత్తెర విసిరికొట్టింది. "నోర్ముయ్యి! పుట్టినకాడికెల్లి దాని మాట దాన్ని చెప్పనిస్తిమా? నేను గూడ తక్కువదాన్నేం గాదు. కూసో! ఒక్క మాటన్న పూర్తిగ చెప్పనియ్యి!"

వాసుదేవ్ కూలబడ్డాడు. ప్రణాలి మొదలుపెట్టింది. ప్రతి ముక్కకూ ఆయన పెదవులు ముందుకు ఉరుకుతుంటే అరచేత్తో నోరు మూసుకున్నాడు.

"బాపూ... నాకు దుకాణం... వద్దు. నన్ను ఎత్తుకోని... తానానికి... తీస్కపోయేది నువ్వు. నీ నడుం... వోయింది. నువ్వు లేనినాడు... నన్ను యాడ ఉంచాల్నో... వాళ్లు ఎవ్వల్ని... అడుగుతరు? మమ్ములనే... అడగాలె. గదే... చెప్పనీకి పోయిన."

ఇంత పొడుగు మాట కూతురి నోట ఆయన ఎన్నడూ వినలేదు. వినేదాకా ఎన్నడూ ఆగలేదు. బిడ్డ తన కోసం ఏదో అడుక్కుంటోందనుకున్నాడే గానీ, నిన్న సమావేశంలో ఆ పెద్ద బల్ల ముందు ఆమె దిగులుపడింది తన విరిగిన నడుం గురించని తెలిసి వెక్కివెక్కి ఏడ్చాడు. ప్రణాలి వంకర వేళ్లతో ఆయన తల నిమిరింది.

కళ్లు తుడుచుకుని ఫోన్ కలిపాడు. "సాయెబ్, నా పేరు తీసేయుండ్రి. బిడ్డనే ఉంచుండ్రి."

"ఆర్డర్ వెళ్లిపోయింది. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు అధికారి మరాఠీలో.

"ఒక్కసారి బిడ్డతోని మాట్లాడుండ్రి," అని వాసుదేవ్ ఫోన్ కూతురి నోటి దగ్గర పెట్టాడు.

"సా... యెబ్... నే... ను..."

"హలో? లైన్ బాగాలేదు." అధికారి ఫోన్ పెట్టేశాడు.

వాసుదేవ్ మళ్లీ చేశాడు. మళ్లీ అదే మాట. మూడోసారి అవతలి గొంతు విసుక్కుంది. "వాసుదేవ్, ఉన్నావా? ఏం కావాలో నువ్వే చెప్పు!"

చెప్పాల్సిందంతా ఆయన నాలుక మీదే ఉంది. పళ్లు బిగించి, ఫోన్‌ను కూతురి పెదవులకు ఇంకా దగ్గరగా జరిపాడు.

"సా... యెబ్..." అంటూ ప్రణాలి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.