పలక కింది పట్టు

ఆ బడిలో సైన్సు చెప్పే టీచరమ్మను పిల్లలు చాటుగా కప్పలమ్మ అనేవారు. ఆవిడకది తెలుసు. లోలోపల సంతోషం కూడా. వాన వెలిసిన సాయంత్రం మోకాళ్ళ దాకా బూట్లేసుకుని, కర్రతో ముందు నేల తట్టుకుంటూ, కప్పల్నీ పాముల్నీ చూడబోవడం ఆవిడకు చిన్ననాటి పిచ్చి. చూడటమే, ముట్టుకోవడం లేదు. కంటికి కనబడని చోట చెయ్యి పెట్టడం అసలే లేదు.

ఊరి బయట మూతపడ్డ రాళ్ళ క్వారీ ఒకటుంది. దాని గుంటలో నిలిచిన వాన నీళ్ళలో, మరెక్కడా లేని చిన్న కప్పలు చేరాయని ఆవిడ నమ్మకం. ఆ గుంటనే చెత్తతో పూడ్చాలని పై అధికారుల నిర్ణయం. కప్పలున్నట్టు రుజువు తెస్తే ఆపుతామన్నారు, అదీ నవ్వుతూ. రుజువంటే వాటి అరుపు రికార్డు చెయ్యాలి. అవి అరిచేది చీకటి పడ్డాకే. చిక్కల్లా అక్కడే. పొద్దు వాలాక ఆ క్వారీలోకి ఎవరూ దిగరు. ఒకప్పుడు చరియ విరిగిపడి, రాళ్ళు కొట్టే ఆవిడొకతె దాని కింద పడిపోయింది. కొన్నాళ్ళు వెతికి మానేశారు. ఆవిడ ఇంకా అక్కడే ఉందంటారు.

ఉంటే ఉండనీ, నేను పోయేది కప్పల కోసం అంటూ టీచరమ్మ తమ్ముణ్ణి వెంటేసుకుని బయల్దేరింది. తమ్ముడు ఎలక్ట్రీషియను. కరెంటుకు తప్ప తక్కిన అన్నిటికీ భయపడే రకం.

దిగేసరికి మసకబడింది. తడి రాతిపొడి వాసన, నాచు వాసన. గుంటంతా కప్పల హోరు, పక్కన మాట వినబడనంత. టార్చికి ఎర్ర కాగితం చుట్టింది, వెలుతురుకి అవి బెదరకుండా. దారి అంచున రక్తపింజర ఒకటి చుట్టకుదురులా చుట్టుకుని ఉంది. ఇద్దరూ దూరంగా ఆగిపోయారు. దారి దానిది, మనం చుట్టాలం అని తమ్ముడికి నచ్చజెప్పింది. కాసేపటికి అది తనంతట తానే తుప్పల్లోకి జారిపోయింది.

నీళ్ళ ఒడ్డున వెడల్పాటి రాతి పలక ఒకటుంది. టిక్ టిక్‌మని సన్నగా, అంత హోరులోనూ చెవొగ్గితే తెలిసేలా, ఆవిడ వెతుకుతున్న అరుపు దాని కిందనుంచే వస్తోంది. అరుపు ఇంకా తేటగా అందాలని టీచరమ్మ వెంట తెచ్చిన ఇనుప కొక్కేన్ని పలక అవతలి అంచుకు తగిలించి తనవైపు ఎత్తింది. అలా ఎత్తితే కింద పామున్నా అవతలికే పోతుంది, పలక మనకు అడ్డుంటుంది. వేలెడు సందు తెరుచుకుంది.

కప్పలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

సందులోంచి వాసన... బురద వాసన కాదు. అప్పుడే సుత్తిదెబ్బ తిన్న రాయి వాసన. వెచ్చగా. దాని వెనకే... చెమట వాసన.

కొక్కెం బరువెక్కింది. ఇరుక్కుందనుకుని కదిపి చూసింది. ఇరుక్కోలేదు. కిందనుంచి ఎవరో లాగారు. వదిలారు. మళ్ళీ... లాగారు.

"అక్కా, వదిలెయ్. పోదాం," అన్నాడు తమ్ముడు.

ఆవిడ వదల్లేదు. భయం పీకల దాకా వచ్చాక, దాని వెనకాలే ఎక్కడినుంచో కోపం వచ్చింది. బూటు కాళ్ళు నేలకు గట్టిగా తన్నిపెట్టి, సందుకేసి వంగింది.

"చూడమ్మా. నిన్ను వెతకడం మానేసింది నేను కాదు. నీ మీద చెత్త పొయ్యబోయేదీ నేను కాదు. దాన్ని ఆపడానికే వచ్చాను. ఆ అరుపు పట్టుకోనిదే ఇక్కణ్ణుంచి కదలను. వదులుతావా సరే. లేదా, తెల్లారేదాకా ఇద్దరం ఇలాగే ఉందాం."

నీళ్ళు కదల్లేదు. గాలి లేదు. తమ్ముడి పళ్ళు కొట్టుకోవడం ఒక్కటే వినబడుతోంది.

కొక్కెం తేలికైంది.

ఇంకాస్త ఎత్తి చూడాలని ఆవిడ ప్రాణం పీకింది. ఎత్తలేదు. ఎవరింటి కప్పు వాళ్ళకుండాలి. పలకను ఉన్నది ఉన్నట్టుగా దించి, ఫోన్లో రికార్డు పెట్టి పక్కనే గొంతుక్కూర్చుంది. తమ్ముడు అక్క చున్నీ కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి కిందనుంచి టిక్‌మంది. ఇంకొకటి అందుకుంది. గుంటంతా అందుకుంది.

ఆ రికార్డు విని కప్పల సంగతి తెలిసినవాళ్ళు అదే కప్పని తేల్చారు. పూడ్చవద్దని ఉత్తర్వు వచ్చింది. చెత్త కాంట్రాక్టరు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఒక మసక సాయంత్రం గుట్టుచప్పుడు కాకుండా లారీ పంపించాడు. మర్నాడు చూస్తే లారీ గుంట అంచున ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది. చెత్త ఎక్కించింది ఎక్కించినట్టే ఉంది.

డ్రైవరు ఇంట్లోనే దొరికాడు, ఒంటి మీద గీతైనా లేదు. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజునుంచి మంచం ఎక్కడం మానేశాడు, కింద ఖాళీ ఉంటుందని. కొన్నాళ్ళు నేల మీద పడుకున్నాడు. ఈమధ్య అదీ మానేసి, బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. నేలకేమొచ్చిందని భార్య అడిగితే, ఆమె అరికాళ్ళ వంకే చూస్తూ, "కిందనుంచి నీకు తగలడం లేదా?" అన్నాడట.