పెనుకొండ కేసు

పొద్దున్నే ఫోను మోగడం ఆ ఇంట్లో కొత్త కాదు. హిందూపురంలో పరిగి రోడ్డు మీద ఉన్న ఆ ఇంటి ముందు గదే అమృత హోమ్ నర్సింగ్ ఆఫీసు. మంచాన పడ్డవాళ్లను, ఆపరేషనై ఇంటికొచ్చినవాళ్లను చూసుకోవడానికి అక్కడి నుంచి ఆడవాళ్లను ఊళ్లకు పంపిస్తుంది అమృతవల్లి. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసి, మోకాళ్ల నొప్పులతో మానుకున్నాక మొదలుపెట్టిన పని. గోరంట్ల నుంచి ముదిగుబ్బ దాకా చాలా ఇళ్లలో ఆమె పేరు తెలుసు.

ఆ రోజు మాత్రం ఆమె ఫోను పట్టుకుని వంటింటికీ ముందు గదికీ మధ్య విసురుగా తిరుగుతోంది. డ్యూటీకి వెళ్లాల్సిన ఇద్దరు అమ్మాయిలు ఫోను ఎత్తడం లేదు.

"వాళ్లు ఎత్తరులేమ్మా," అంది కూతురు హరిణి, ఇడ్లీ పిండి కలుపుతూ. "బస్టాండు కాడ పెట్టినారే బెంగుళూరు కంపెనీ, దాంట్లో చేరినారు. నిన్ననే తెలిసింది."

"నాతో ఒక మాట చెప్పకుండానా? చెయ్యి పట్టుకుని పని నేర్పించినా కదే వాళ్లకి!"

"ఆడ ట్రైనింగ్ ఇచ్చి, కార్డు ఇస్తాండారంట. రేపు ఏ ఊరికి పోయినా ఆ కార్డు చూపిస్తే పని దొరుకుతాది. మనం ఏమిస్తాండాం?"

అమృతవల్లికి ఒళ్లు మండింది. హరిణి నర్సింగు చదివి బెంగుళూరులో ఒక పెద్ద ఆసుపత్రి తరఫున ఇళ్లకు వెళ్లి రోగులను చూసే ఉద్యోగం చేసింది. అమ్మకు తోడుగా ఉందామని ఈ మధ్యే మానుకుని వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒకటే పాట. ఆసుపత్రులు రోగులను ఇదివరకటిలా ఉంచుకోవడం లేదు, గొట్టాలతో, ఆక్సిజన్‌తో ఇంటికి పంపించేస్తున్నాయి, మన వాళ్లకు ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం తప్ప ఏమీ రాదు, అందరికీ మళ్లీ మొదటి నుంచి నేర్పాలి, అని.

అంతలో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. అమృతవల్లి ముఖం వెలిగింది. మాట్లాడి పెట్టేసి, గర్వంగా కూతురి వైపు చూసింది.

"చూసినావా? పెనుకొండ కేసు. ఎరువుల అంగడి రంగప్ప. పక్షవాతం వచ్చిండాది. ఈపొద్దే ఇంటికి పంపిస్తాండారు. కంపెనీని కాదని మనల్ని అడిగినారు."

"మాట పోయిందా? మింగుతాండాడా?"

"ముక్కులో గొట్టం పెట్టినారంట. గొట్టంలోనే ఆహారం."

హరిణి గరిటె పక్కన పెట్టేసింది. "అమ్మా, అట్లాంటి కేసు చూసినోళ్లు మన దగ్గర యాడుండారు? రోంత టైము అడుగు. లేదంటే మొదట నేను పోతా."

"నువ్వు రేపట్నుంచి రోజూ పొద్దున మడకశిర కేసుకు పోయి వస్తానని ఒప్పుకుని ఉండావు. నాగక్కను పంపిస్తా."

"పిన్నమ్మనా?"

"ఏం, మీ పిన్నమ్మకు తెల్దా? నేను ఈ పని మొదలుపెట్టిన రోజు నుంచి నాతో ఉండేది అదొక్కటే."

నాగక్క అమృతవల్లికి సొంత చెల్లెలు. ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీరలు నేసేది. భర్త పోయాక మగ్గం అమ్మేసుకుని అక్క దగ్గర ఈ పనిలో చేరింది. ఎంత మొండి రోగి అయినా ఆమె చేతిలో పసిపిల్లాడిలా ఒదిగిపోయేవాడు. ఇళ్లవాళ్లు ఆమెను పేరు పెట్టి అడిగి మరీ పిలిపించుకునేవాళ్లు.

"పిన్నమ్మ మనసు గురించి కాదమ్మా నేను చెప్తాండేది. ఇది వేరే పని. తెలియకుండా చేస్తే ప్రాణానికే ముప్పు."

"ఈ కేసు వద్దంటే ఆ ఆసుపత్రి నుంచి మళ్లీ ఒక్క ఫోను రాదు. అంతా ఆ కంపెనీకే పోతాది. మన ఆడోళ్లంతా యాడికి పోవల్ల? నువ్వు బెంగుళూరు లెక్కలు ఈడ చెప్పొద్దు."

పరిగిలో డ్యూటీ దిగి వచ్చిన నాగక్కను అమృతవల్లి బస్టాండులోనే కలిసి, పెనుకొండ బస్సు ఎక్కిస్తూ చెప్పవలసింది చెప్పింది. గొట్టంలో ఎలా పోయాలో, తల వైపు ఎంత ఎత్తు పెట్టాలో చేత్తో చూపించింది. బస్సు కదులుతుంటే నాగక్క కిటికీలోంచి తల ఊపింది.

కొన్ని రోజులు అంతా సాఫీగానే సాగింది. రంగప్ప కొడుకు చెన్నకేశవులు ఫోను చేసి, "మీ నాగక్క మా ఇంటి మనిషి మాదిరి చూసుకుంటాందమ్మా" అన్నాడు. ఆ మాట అమృతవల్లి హరిణికి వినబడేలా రెండుసార్లు చెప్పింది.

ఆ వారమే ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, నాగక్క ఫోను చేసింది.

"అక్కా... పెద్దాయనకు ఊపిరి ఆడడం లేదక్కా. దగ్గి దగ్గి నల్లబడిపోతాండాడు. అంబులెన్సులో హిందూపురం తెస్తాండారు. బిన్నా రాక్కా!"

అమృతవల్లి కంచం ముందు నుంచి లేచిపోయింది. హరిణి ఆమె వెనకే పరుగెత్తింది.

ఆసుపత్రిలో రంగప్పను లోపలికి తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టారు. నోటి ద్వారా ఏదో తాగించారని, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టరు చెప్పాడు. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నాడు. వరండాలో చెన్నకేశవులు అమృతవల్లిని చూడగానే మీదికి వచ్చాడు.

"ఏమమ్మా, మీరు పంపించిన మనిషి మా నాయనకు మజ్జిగ తాపించిందంట! నోట్లో నీళ్లు కూడా పోయొద్దని డాక్టరు చెప్పినాడా లేదా? తెలియనోళ్లను ఎందుకు పంపినారు? మా నాయనకు ఏమన్నా అయితే మిమ్మల్ని ఊరికే వదలను."

అందరూ చూస్తున్నారు. గోడవారగా నేల మీద నాగక్క ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కనే రంగప్ప భార్య ఓబుళమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అమృతవల్లి చెల్లెలి చెయ్యి పట్టుకుని లేపి ఇంటికి తీసుకొచ్చింది.

ఇంట్లోకి రాగానే తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.

"చూడు నాగా, నేను చెప్పేది విను. ఆ టైములో నువ్వు గుడ్డలు ఉతకడానికి పెరట్లోకి పోయినావు. ఆ ఇంటామె, ఓబుళమ్మ, నువ్వు లేనప్పుడు మొగునికి మజ్జిగ పోసింది. అంతే. ఎవరు అడిగినా ఇదే చెప్పు."

"అమ్మా!" హరిణి నివ్వెరపోయింది. "భర్త చావుబతుకుల్లో ఉంటే, ఆ ముసలామె మీదికి తోస్తావా?"

"నువ్వు నోరు మూసుకో! నాగక్క పోసిందని బయటికి పోతే ఈ ఆఫీసుకు రేపటి నుంచి తాళమే. మన మీద బతికే ఆడోళ్లంతా వీధిన పడతారు. నీకు ఏం తెలుసు?"

"తెలుసు కాబట్టే మొదటి రోజే వద్దన్నా. నువ్వు వినలేదు. ఆ కంపెనీ మీద పంతంతో పిన్నమ్మను బలి పెట్టినావు. ఇప్పుడు ఇంకొకామెను పెడతాండావు."

అమృతవల్లి చెయ్యి పైకి లేచింది. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉన్న భర్త సుబ్రహ్మణ్యం ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆఫీసు వ్యవహారాల్లో ఎప్పుడూ నోరు పెట్టడు. "చాలు వల్లీ," అన్నాడు.

నాగక్క మెల్లగా తలెత్తింది.

"నేనే పోసినా అక్కా. నా చేత్తోనే పోసినా. నేను అబద్ధం చెప్పను."

"ఎందుకు పోసినావే? గొట్టంలోనే పోయమని చెప్పినా కదా!"

"గొట్టంలో పోయమన్నావు. గొట్టంలోనే పోస్తాండ్యా. కానీ ఆయన పొద్దున్నించీ నాలిక బయటపెట్టి నీళ్లు నీళ్లని సైగ చేస్తాన్యాడు. పెదాలు ఎండి పగిలిపోయినాయి. రోంత మజ్జిగతో ఏమైతాదిలే అనుకున్యా." కళ్లు తుడుచుకుని అక్క వైపు తిరిగింది. "నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతాదని, ప్రాణం మీదికి వస్తాదని నువ్వు నాకు చెప్పినావా అక్కా? చెప్పింటే ఆయన నా కాళ్లు పట్టుకున్యా నేను పోసేదాన్ని కాదు."

అమృతవల్లికి బస్టాండు గుర్తుకొచ్చింది. బస్సు బయలుదేరుతోందని కండక్టరు అరుస్తుంటే, మిగతాది ఫోనులో చెబుదాంలే అనుకుంది. తర్వాత చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. తనకు తెలిసిన సంగతి చెల్లెలికి కూడా తెలిసే ఉంటుందనుకుంది. అలా అనుకుంటే పని సులువు కాబట్టి అనుకుంది.

ఆమె కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి ముఖం కడుక్కుంది.

"ఏమండీ, కారు తీయండి. ఆసుపత్రికి పోవల్ల. నాగా, నువ్వూ రా."

చెన్నకేశవులు వరండాలో బెంచీ మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఓబుళమ్మ. అమృతవల్లి వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

"అప్పా చెన్నకేశవులూ, నా చెల్లెలు తాపించింది నిజమే. కానీ తప్పు ఆమెది కాదు, నాది. ఇట్లాంటి రోగిని చూసే పని ఆమెకు నేను నేర్పించలేదు. నా కూతురు వద్దని చెప్పినా వినకుండా పంపించినా. మీ కేసును పోగొట్టుకోకూడదని పంపించినా. నువ్వు ఎవరికి చెప్పుకున్యా, ఏమి చేసినా నేను అడ్డం చెప్పను."

చెన్నకేశవులు ఆమె ముఖంలోకి చూడలేదు. "నమ్మి పిలిచినాం కదమ్మా," అన్నాడు. అరిచినప్పటికంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు ఓబుళమ్మ ఒక్కసారిగా ఏడ్చింది. ఏడుస్తూనే లేచి వచ్చి నాగక్క రెండు చేతులూ పట్టుకుంది.

"ఆమెను ఏమీ అనద్దురా! ఆమె వొద్దనే అనింది. గొట్టంలోనే పోయమని అక్క చెప్పిండాది అనింది. నేనే, నా మొగుడు నోరెండి చస్తాంటే చూడలేక, రోంత మజ్జిగ పొయ్యమ్మా అని పోరు పెట్టినా. మజ్జిగ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చింది నేనేరా నాయనా!"

అమృతవల్లి బిత్తరపోయి చెల్లెలి వైపు తిరిగింది. తాను అబద్ధంగా అల్లి చెప్పమన్న మాటలో సగం నిజమే. ఆ సగం చెప్పుకున్నా నాగక్క మీద ఇంత నింద ఉండేది కాదు. అయినా చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదే నాకు?" అంది.

"ఏమని చెప్పేదక్కా?" అంది నాగక్క, ఓబుళమ్మ వీపు నిమురుతూ. "మొగుణ్ణి నా చేతులారా ఇట్లా చేసుకుంటి అని ఈమె బతికినన్నాళ్లూ ఏడ్చల్లనా? నేనైతే పని మానేసి ధర్మవరం పోతా. ఈమె యాడికి పోతాది?"

అమృతవల్లి ఇక ఆపుకోలేకపోయింది. ఆసుపత్రి వరండాలో, అంతమంది ముందు, చెల్లెలి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చెన్నకేశవులు లేచి తల్లిని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

రంగప్ప గండం గడిచింది. ఆక్సిజన్ తీసేశారు గానీ, ముక్కులో గొట్టం మాత్రం ఇంకా ఉంచాలన్నారు.

ఆ మర్నాడే అమృతవల్లి ఆసుపత్రికి ఫోను చేసి, గొట్టాలతో ఇంటికి వెళ్లే రోగులను తమ వాళ్లు నేర్చుకునేదాకా తీసుకోలేమని చెప్పింది. "ఆ కంపెనీ వాళ్లకు చెప్పండి. మా కంటే వాళ్లకు బాగా తెలుసు," అనడానికి ఆమెకు మనసొప్పలేదు, అయినా అంది. హరిణి వింటూ నిలబడింది.

"హరిణీ, నేర్పించు. అందరికీ. ఎన్నాళ్లు పట్టినా పర్వాలేదు. నాతోనే మొదలుపెట్టు. నేను వార్డు వదిలిపెట్టి శానా కాలమైంది. నాకు తెలిసింది పాతబడిపోయిండాది. అది ఒప్పుకోలేకనే ఇంత చేసినా."

హరిణి అమ్మ చెయ్యి పట్టుకుంది. "నేనూ నిన్ను శానా కటువుగా అన్యానమ్మా."

ముందు గదిలో కుర్చీలు తీసేసి చాపలు పరిచారు. పరిగి నుంచి, గోరంట్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. మధ్యలో అమృతవల్లి, ఆమె పక్కన నాగక్క. గొట్టం ఎందుకు పెడతారో, గొంతు ఎలా పనిచేస్తుందో, రోగి దాహమంటే తాపించకుండా పెదాలు ఎలా తడపాలో హరిణి చెబుతోంది. అమృతవల్లి బడిపిల్లలా అడ్డుపడి సందేహాలు అడిగినప్పుడల్లా అందరూ నవ్వుతున్నారు.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఓబుళమ్మ. వెనక చెన్నకేశవులు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"నాయనను రేపు ఇంటికి పంపిస్తారంట," అన్నాడు నేల చూస్తూ. "మా అమ్మ ఆ పని తాను కూడా నేర్చుకుంటానంటాంది. నన్నూ కూచోమంటాంది. ఇంట్లో ఉండేది మేమే కదా." కాస్త ఆగి నాగక్క వైపు చూశాడు. "నాయనకు ఆమెనే పంపించమ్మా. అమ్మ ఇంకెవురినీ ఒప్పుకోదు."

నాగక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క ఏమంటుందో అని చూసింది.

ఇదివరకటి అమృతవల్లి అయితే ఆ క్షణంలోనే సరేననేది. ఇప్పుడు ఆమె కూతురి వైపు తిరిగింది.

"నా మాట కాదప్పా. హరిణి పరీక్ష పెట్టల్ల. పని వచ్చిందని ఆమె చెబితేనే మా చెల్లెలు గడప దాటేది. అంతవరకు హరిణే మీ ఇంటికి వస్తాది," అని చాప మీద కాస్త పక్కకు జరిగి, ఓబుళమ్మకు చోటిచ్చింది. "రామ్మా, కూచో. నేనూ నీ మాదిరి నేర్చుకునేదాన్నే."