పిట్ట చూపిన వాకిలి

టాంజానియాలో ఎండకు కరకరలాడుతున్న తుప్పల అడవి. కొండబండ మీద ఎర్రమట్టితో గీసిన బొమ్మను చూసి భాష్యం ఎగిరి గంతేశాడు.

"సంచీ! బంగారం సంచీ! నే చెప్పలా అక్కయ్యా?"

బందరు కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన విశాలాక్షి కళ్లద్దాలు సర్దుకుంది. కొమ్మకు వేలాడే సంచీ. పక్కనే చిన్న పిట్ట. "పిట్టెందుకురా? బంగారానికి కాపలాకా?"

పూర్వం బానిసల వేటగాళ్లు తరుముకొచ్చినప్పుడు, పల్లెవాళ్లు తమకు ప్రాణప్రదమైనదేదో ఎదుటి గుహలో దాచారనీ, లోపలికి పరుగెత్తినవాళ్లను ఆ గుహ మింగేసేదనీ ఐతిహ్యం. తమ్ముడికి మొదటి సగం మీద నమ్మకం. అక్కకు రెండో సగానికి కారణం కావాలి.

గుహకు వెళ్లే దారిలో తుమ్మకొమ్మకు అచ్చం అలాంటి సంచీయే కనిపించింది. దూది అదిమి అల్లిన గూడు! పామొకటి దాని నోట్లో తల దూర్చి, లోపల దారిలేని గుడ్డిగోడకు ముక్కు గుద్దుకుని జారిపోయింది. మరుక్షణమే బొటనవేలంత బూడిదరంగు పిట్ట పురుగును కరచుకుని వాలింది. ఆ దొంగవాకిలి పైఅంచును కాలితో లాగి, సన్నని చీలికలోకి దూరింది. అంచు దానంతటదే మూసుకుంది.

"ఔరా!" అంది విశాలాక్షి.

గుహ నోరు ఏనుగు పట్టేంత ఉంది. లోపల మాత్రం గబ్బిలాల కంపు, అడ్డంగా బండ. భాష్యం మొహం వేలాడేశాడు. అంతలో బయట దూరంగా గడ్డి కదిలింది. ఆడసింహం!

"లోపలే నక్కుదాం అక్కయ్యా!"

"పళ్లెంలో వడ్డించినట్టుంటుంది! బయటికొచ్చి పైకెక్కు!"

"పైనేముంది?"

"పిట్టనడుగు! ఎక్కరా!"

మోకాళ్ల నొప్పి మరచి ఆమె గుహ నుదుటికి ఎగబాకింది. అక్కడ నాచు పట్టిన పలకరాయి. ఇద్దరూ భుజాలు ఆన్చి నెట్టారు. కదలదు! కింద గురగుర.

"ఓరి మతిమాలినవాడా, పిట్ట నెట్టలేదు, లాగింది!"

కింది అంచు పట్టి లాగగానే పలక మూతలా లేచింది. ఇద్దరూ దూరారు, పలక ధబ్బున పడింది. కింద సింహం ఖాళీ గుహంతా వాసన చూసి, విసుగ్గా తన దారిన పోయింది.

భాష్యం టార్చి వెలిగించాడు. గోడ నిండా, నడుము ఎత్తు దాటకుండా, ఎర్రమట్టి అరచేతి ముద్రలు. అన్నీ పసిపిల్లలవి. మూలన మట్టి ఆవుదూడలు.

"బంగారమేదీ?"

"ఇదేరా. పెరిగి పెద్దదై, నడిచి వెళ్లిపోయింది."

భాష్యం చేతిలోకి తీసుకున్న దూడను మెల్లగా దాని మందలోనే పెట్టాడు.

"అయితే గుహ మనుషుల్ని మింగడం నిజమేనన్నమాట!"

"నిజమే. నమలదు, అంతే. పద, ఈసారి నెట్టాలి!"