అత్త నేర్పిన అడ్డపొగ

మంగినపూడి రేవులో చేపల తట్టలు దిగే వేళకు కొండమ్మ నోట్లో చుట్ట ఉండాల్సిందే. అదీ మగవాళ్ళలా కాదు, నిప్పున్న కొస నోట్లోకి పెట్టి. అలాగైతే సముద్రపు గాలికి ఆరదు, చేపల మీద బూడిద రాలదు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ పేటలో పెద్ద ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే.

ఆ ఉదయం కోడలు మహాలక్ష్మి రేవుకు రాలేదు. నోరు మంటంటూ నెల రోజులుగా కారం ముట్టని పిల్లను కొడుకు కొండలరావు బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఆమె ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమన్నార్రా డాక్టరుగారు?"

"అంగిట్లో పుండు అనుమానంగా ఉందంట. ముక్క తీసి పరీక్షకి పంపారు. రేపు మళ్ళీ రమ్మన్నారు. క్యాన్సరైతే ఆపరేషనంట. అంతా చుట్ట వల్లేనమ్మా."

"నలభై ఏళ్ళ నుంచి కాలుస్తున్నా, నాకేమైందిరా?"

కొండలరావుకు ఒళ్ళు మండింది. "బస్సుల్లో, ఆఫీసుల్లో కాలిస్తే జరిమానా అని కొత్తగా చట్టం తెచ్చారు. మనింట్లోకి ఏ చట్టం వస్తది? పెళ్ళైన కొత్తలో దానికి చుట్ట వాసనే పడేది కాదు. ఎవరు నేర్పారని డాక్టరుగారు ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. నీకు తెలుసా?"

"పేటంతా కాలుస్తారు. చూసి నేర్చుకుందేమో."

అంత తేలిగ్గా అబద్ధం ఎలా వచ్చిందో కొండమ్మకే తెలియలేదు. లోపలికి వెళ్ళింది. మహాలక్ష్మి చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అంతా వినే ఉంటుంది.

"నేనే నేర్పానని ఎందుకు చెప్పలేదే?"

"నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదత్తా. కడుపుతో ఉండి పన్ను నొప్పని ఏడిస్తే, నీ నోట్లో చుట్ట తీసి నా నోట్లో పెట్టావు. తగ్గిందాకా పక్కనే కూర్చున్నావు. నీ పేరెట్టా చెప్పను?"

ఆ రోజు కొండమ్మ ప్రేమతోనే ఇచ్చింది. ఇప్పుడా ప్రేమే పిల్ల నోరు తినేస్తోంది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ కొడుకును చూసి భోరుమంది.

"నేనేరా నేర్పింది. నొప్పి తగ్గుతుందనుకున్నా. నా చేతులతో నేనే చేశానురా!"

కొండలరావు లోపలికొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. "రేపు నువ్వూ రా. నీ నోరు కూడా చూపిద్దాం" అన్నాడు.

"నాదెందుకురా, ముందు దానిది బాగవనీ."

మహాలక్ష్మి ఇటు తిరిగి అత్త చెయ్యి పట్టుకుంది. "నువ్వొస్తేనే నేనూ వస్తా."

కొండమ్మ ఏడుస్తూనే తలూపింది.