కెప్టెన్‌గారి సీటు, కెప్టెన్‌గారి కూతురు

"అరవై దాటినవాళ్ళు మర్యాదగా సీటు ఖాళీ చేస్తే మాకు కాస్త ఊపిరాడుతుంది!" అని మైకులో గర్జించాడు, తోటివాళ్ళు తుఫాను అని పిలిచే కుర్ర కో-పైలట్.

రిటైర్మెంటు వయసు అరవై నుంచి అరవై ఐదుకు పెంచాలా అన్న చర్చ అది. పైలట్ల సంఘం హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెనక వరుసలో, పిట్ట అని అందరూ పిలిచే అమ్మాయి మాత్రం తల పట్టుకుంది. ముందు వరుసలో, అరవైకి మూడు నెలల దూరంలో ఉన్న ఒక కెప్టెన్‌గారి చెవులు ఎర్రబడటం ఆమెకు అంత దూరం నుంచీ కనిపించింది. ఆ చెవులు ఆమె నాన్నవి.

గర్జించిన మహానుభావుడేమో ఆమె ప్రేమించినవాడు. పెళ్ళి మాట ఎత్తడానికి సరిగ్గా ఆ సాయంత్రమే వాళ్ళింటికి రావలసినవాడు.

నాన్న లేచారు. "ఆరు నెలలకోసారి డాక్టర్లు నన్ను తిరగేసి బోర్లేసి చూస్తున్నారు. కళ్ళు బాగున్నాయి, గుండె బాగుంది. అరవై ఐదు దాకా ఎగిరితే మీకేం నొప్పి?"

"మాకే నొప్పి సార్! మీరు ఐదేళ్ళు కదలకపోతే మేం ఇంకో ఐదేళ్ళు కో-పైలట్లుగా మగ్గాలి!"

పిట్ట చెయ్యెత్తింది. ఆమె కూడా కో-పైలటే. తుఫాను తర్వాత పంతొమ్మిది రోజులకు ఉద్యోగంలో చేరింది. ఆ పంతొమ్మిది రోజుల్లోనే కంపెనీ, అప్పట్నుంచి చేరేవాళ్ళకు కొత్త జీతాల స్కేలు తెచ్చింది. అదే సీటు, అదే పని, జీతం మాత్రం మూడింట రెండు వంతులు.

"కొత్త స్కేలు వాళ్ళ సంగతి..." అని మొదలుపెట్టింది.

"టైమైపోయిందమ్మా, వచ్చేసారి చూద్దాం," అన్నాడు అధ్యక్షుడు. ఇలా అనడం ఇది ఐదోసారి.

బయట సన్నగా జల్లు. కారు పక్కన తుఫాను దొరికాడు. టై ఎప్పటిలాగే ఎడమకు ఒరిగి ఉంది. ఎంత కోపంలో ఉన్నా దాన్ని సరిచేయాలనిపిస్తుంది ఆమెకు. చేతులు కట్టుకుని నిగ్రహించుకుంది.

"నోరు పారేసుకోవడానికి ఇంకో రోజు దొరకలేదా నీకు?"

"అది న్యాయం పిట్టా!"

"న్యాయమా? ఇంటికొస్తానని మూడుసార్లు చెప్పావు. ఒకసారి పొగమంచన్నావు. ఒకసారి జలుబన్నావు. మూడోసారి మా వీధి మలుపు దాకా వచ్చి కారు వెనక్కి తిప్పావు!"

"ల్యాండింగ్ కుదరనప్పుడు మళ్ళీ పైకి లేవడమే మంచి పైలట్ లక్షణం..."

"ఈ సాయంత్రం అడక్కపోతే, ఇంక జన్మలో అడగక్కర్లేదు."

తుఫాను నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కళ్ళు తడిశాయి. అది జల్లు వల్ల కాదు.

సాయంత్రం తలుపు తీసింది నాన్నే. పేరడగలేదు, కూర్చోమనలేదు.

"నీ సీనియారిటీ నంబరెంత?"

"రెండు వందల పన్నెండు సార్."

"అంటే నేను దిగిపోతే రెండు వందల పదకొండు. దీనికోసమా అబ్బాయ్ అంతలా గొంతు చించుకున్నావు?"

అంతే, మొదలైంది. టీ చల్లారింది. తుఫాను నాలుగుసార్లు గొంతు సవరించుకుని "సార్, అసలు నేనొచ్చింది..." అన్నాడు. నాలుగుసార్లూ నాన్న "సర్వీసు పొడిగింపు గురించేగా!" అన్నారు. నాలుగుసార్లూ ఆ వెర్రిబాగులవాడు వాదనలోకి దూకాడు.

గంట గడిచింది. పిట్ట ఓపిక నశించింది. పొద్దున మీటింగులో తుఫాను పంచిన కరపత్రం ఒకటి బల్ల మీద ఉంటే దాన్ని తిప్పి, వెనక మూడు లైన్లు రాసింది.

"చెక్‌లిస్ట్!" అని కేక పెట్టింది.

ఇద్దరూ నిటారుగా కూర్చున్నారు. కాక్‌పిట్‌లో ఆ జాబితా ఒకరు చదివితే ఇంకొకరు ఒక్కో అంశానికీ బదులు చెప్పి తీరాలి. అలవాటుపడిన నాలుక మనిషి అనుమతి కోసం ఆగదు.

"నువ్వు వచ్చిన పని?"

"పెళ్ళికి మీ నాన్నగారిని ఒప్పించడం," అనేసి నాలుక కరుచుకున్నాడు తుఫాను.

"అమ్మాయి ఇష్టం?" అని చదివి, "ఉంది. ఏడాదిన్నరగా," అని తనే చెప్పుకుంది పిట్ట. ఆ వెంటనే మూడో లైను చదివింది. "నాన్న సమ్మతి?"

నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కడ ఆగమ్మా. అబ్బాయ్, పంతొమ్మిది రోజులు వెనక చేరిందని నా కూతురికి నీకంటే తక్కువ జీతం. మైకు పట్టుకుంటే నిన్ను ఆపేవాడు లేడు కదా, ఆ మాటెందుకు రాలేదు?"

తుఫాను తల దించుకున్నాడు. "రావాల్సింది సార్. నాకు సిగ్గుగా ఉంది."

"మరి నీకెందుకు రాలేదు నాన్నా?" అంది పిట్ట.

"నాకూ రావాల్సింది తల్లీ," అన్నారు నాన్న నెమ్మదిగా.

పొద్దున్నుంచీ ఆ ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది. నాన్న కాగితం లాక్కుని అడుగున "ఒకే సీటుకు ఒకే స్కేలు" అని రాసి సంతకం పెట్టారు. తుఫాను పెన్ను అందుకుని కింద తన సంతకం గీశాడు.

"బాగుంది, చాలా బాగుంది!" అంది పిట్ట. "నా మూడో లైను మాత్రం గాల్లోనే తిరుగుతోంది!"

నాన్న మొదటిసారి నవ్వారు. "సమ్మతే. అబ్బాయ్, మీ పెళ్ళికి అడ్డు రాను గానీ, సీటు మాత్రం ఇవ్వను."

"సీటు అడగడం నేనూ మాననండీ, మామయ్యగారూ!"

"అరవై ఐదు!"

"అరవై!"

"ఇద్దరూ లేవండి!" అని అరిచింది పిట్ట. "వెళ్ళి టీ మళ్ళీ పెట్టండి!"

ఇద్దరూ బుద్ధిగా వంటింట్లోకి నడిచారు. పాలు ముందా, పొడి ముందా అని అక్కడా మొదలైంది. పిట్ట మూడో లైను ఎదురుగా టిక్కు పెట్టింది. ఎవరూ చూడటం లేదు కదా అని ఆ కాగితాన్ని ముద్దు పెట్టుకుంది.